కెగ్ బీరుకు సరైన పీడనాన్ని ఎంచుకోవడం

కెగ్ (బీరు నింపే లోహపు పీపా) నుంచి పట్టిన గ్లాసులో సగానికి పైగా నురగే వస్తుంటే చాలామంది మొదట చేసే పని, కెగ్‌లోకి వెళ్లే గ్యాస్ పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్‌ను తిప్పి పీడనం తగ్గించడం. ఆ పూటకు ధార నెమ్మదించి సమస్య తీరినట్టే కనిపిస్తుంది గానీ, పీడనం చాలనప్పుడు బీరులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ విడివడి గొట్టంలో బుడగలుగా చేరుతుంది. నురగ ఇంకా పెరుగుతుంది, కొద్ది రోజుల్లో కెగ్‌లో మిగిలిన బీరు చప్పబడుతుంది. పీడనాన్ని నిర్ణయించవలసినవి రెండే: బీరు ఎంత చల్లగా ఉంది, అందులో ఎంత గ్యాస్ నిలవాలి. ధార వేగాన్ని అదుపు చేసే పని గొట్టానికి వదిలిపెట్టాలి.

ద్రవంలో కరిగే వాయువు పరిమాణం దానిపై ఉన్న పీడనాన్ని బట్టి ఉంటుందని విలియం హెన్రీ 1803లో చూపించాడు. ద్రవం చల్లబడిన కొద్దీ వాయువు ఎక్కువగా కరుగుతుంది. బీరులోని గ్యాస్‌ను వాల్యూమ్‌లలో కొలుస్తారు; లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగి ఉంటే అది 2.5 వాల్యూమ్‌లు. లాగర్, ఏల్ అనేవి బీరు రకాలు; లాగర్లకు, చాలా ఏల్‌లకు ఇంచుమించు ఇదే సరిపోతుంది. ఈ మోతాదు నిలవాలంటే 3 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 11 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, పీడనపు కొలత), 7 డిగ్రీల వద్ద 15, 10 డిగ్రీల వద్ద 17.5 కావాలి. గోధుమ బీరుకు 3.5 వాల్యూమ్‌లు కోరుకుంటే 3 డిగ్రీల వద్దే 21 పీఎస్ఐ దాకా పెట్టవలసి వస్తుంది. నైట్రోజన్ కలిపి అందించే స్టౌట్ అనే ముదురు రంగు బీరు సంగతి వేరు: దానికి సాధారణంగా నైట్రోజన్ 75 శాతం, కార్బన్ డయాక్సైడ్ 25 శాతం ఉన్న మిశ్రమాన్ని 30 నుంచి 35 పీఎస్ఐ వద్ద, ప్రత్యేకమైన కుళాయితో వాడతారు.

ఇక్కడ కొలవవలసింది ఫ్రిజ్‌లోని గాలిని కాదు, బీరును. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కుతుంది గానీ నిండు కెగ్ అంత త్వరగా మారదు. అందుకే మొదటి గ్లాసు పక్కన పెట్టి, రెండో గ్లాసులో థర్మామీటర్ ముంచి చూడడం నమ్మదగిన పద్ధతి. అప్పుడే తెచ్చిన కెగ్‌ను కనీసం ఒక రోజు చల్లబరచనిదే ఏ అంకెనూ నమ్మకూడదు. సముద్రమట్టానికి ఎత్తులో ఉన్నవారు ప్రతి 2,000 అడుగులకు సుమారు 1 పీఎస్ఐ కలుపుకోవాలి, ఎందుకంటే రెగ్యులేటర్ మీది గేజ్ (పీడనం చూపే మీటర్) చూపేది చుట్టూ ఉన్న గాలి పీడనానికి పైనున్న భాగాన్ని మాత్రమే.

పీడనం తేలాక దానికి తగిన గొట్టాన్ని అమర్చాలి. కుళాయి కెగ్ కంటే పైన ఉంటే, ఎక్కే ప్రతి అడుగూ దాదాపు అర పీఎస్ఐ తినేస్తుంది. మిగిలినదాన్ని గొట్టం లోపలి రాపిడి తగ్గించాలి. 3/16 అంగుళాల లోపలి వ్యాసం ఉన్న వినైల్ గొట్టం అడుగుకు 3 పీఎస్ఐ తగ్గిస్తుందని పట్టికల్లో కనిపిస్తుంది గానీ, ఇళ్లలోని అమరికల్లో రాపిడి అంత ఉండదు. అందువల్ల 12 పీఎస్ఐకి దగ్గరలో పనిచేసేవారు 10 అడుగులతో మొదలుపెట్టడం మంచిది. ధార మరీ నెమ్మదిగా ఉంటే కొద్దికొద్దిగా కత్తిరించుకోవచ్చు, పొట్టిదైపోతే మాత్రం కొత్తది కొనవలసిందే. సెకనుకు 60 మిల్లీలీటర్ల చొప్పున గ్లాసు నిండుతుంటే గొట్టం కుదిరినట్టు.

రెగ్యులేటర్‌లో చేసిన మార్పు బీరులో కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక గంటకొకసారి తిప్పడం వల్ల ప్రయోజనం లేదు. మొదటి గ్లాసు నురగతో వచ్చి తర్వాతివి బాగుంటే పీడనాన్ని ముట్టుకోకండి. కుళాయి, దాని దగ్గరి గొట్టం వేడిగా ఉన్నాయి, వాటికి చల్లటి గాలి అందేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. ప్రతి గ్లాసూ నురగే అయితే ముందు బీరు వేడిని, తర్వాత కుళాయి శుభ్రతను, గొట్టంలో మడతలను చూసి, చివరిగా మాత్రమే రెగ్యులేటర్ దగ్గరికి వెళ్లండి.