మడిగె మాట్లాడుకునేటప్పుడే కాగితం రాయించుకోండి

నల్గొండ, మిర్యాలగూడ దిక్కు ఎవరైనా చిన్న షాపు పెడదామనుకుంటే, ఫ్లెక్సీ కొట్టించే ముందే మడిగె కిరాయి కాగితం రాయించుకోండి. మా సడ్డకుడు నోటి మాట మీద ఆరు నెలల అడ్వాన్స్ ఇచ్చి, ర్యాకులు, లైట్లు అన్నీ బిగించుకున్నాక నాలుగో నెలలోనే ఓనరు ఖాళీ చేయమన్నాడు. చేతిలో రసీదు కూడా లేదు, గోడకు కొట్టిన ప్లైవుడ్ పీకితే ముక్కలే మిగిలాయి. అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, కరెంటు బిల్లు ఎవరిది, ఇవన్నీ రాసి ఉండాలి. ఖర్చయినా రిజిస్టర్ చేయించండి, చేయించకపోతే కోర్టులో ఆ కాగితానికి బలం తక్కువ.

ఇంకోటి జీఎస్టీ రిజిస్ట్రేషన్. సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల దాకా అక్కర్లేదని వీడియోల్లో చెప్తుంటారు కదా, ఆ లిమిట్ మన తెలంగాణకు లేదు, ఇక్కడ 20 లక్షలే. అది లాభం కాదు, ఏడాది మొత్తం అమ్మకం, అంటే రోజుకు ఐదున్నర వేల గల్లా వచ్చినా దాటిపోతుంది. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్ల సంగతి వేరు.

చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఫ్రీగా అవుతుంది, దానికి ఫీజు అని ఎవరడిగినా ఇవ్వకండి. దోస్తుతో కలిసి పెడితే పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకుని ఫర్మ్ రిజిస్టర్ చేయించండి. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్, అగ్రిమెంట్ ప్రకారం రావాల్సిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయడానికి వీల్లేదు.