ఫోటోషాప్‌లో ప్యానెళ్లు ఎక్కడివక్కడే ఉండాలంటే ఏం చేయాలి?

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు డిజైన్ చేసే షాపులో ఒకే సిస్టమ్ మీద ఇద్దరం పనిచేసేవాళ్లం. పొద్దున నేను, సాయంత్రం ఇంకో అన్న. వచ్చీ రాగానే నా మొదటి పని ఆయన చెదరగొట్టిన ప్యానెళ్లు, అంటే లేయర్స్ లాంటి చిన్న చిన్న గడులు, వెతుక్కోవడమే. "లేయర్స్ ఎటు పోయినయ్ అన్నా?" అని ఫోన్ చేస్తే, "అడ్డమొస్తుంటే తీసేసిన తమ్మీ" అనేవాడు. కౌంటర్ దగ్గర పార్టీ నిలబడి ఉంటే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు.

స్క్రీన్ మీద ప్యానెళ్లన్నీ ఒక్కసారిగా మాయమైతే ముందు ట్యాబ్ కీ నొక్కి చూడండి. తెలియకుండా అది తగిలినందుకే సగంమంది కంగారు పడతారు. అక్షరాలు టైప్ చేస్తూ మాత్రం నొక్కకండి, అక్కడ ఖాళీ పడుతుంది అంతే. పైన మెనూ కూడా పోయిందంటే ఎఫ్ కీ తగిలినట్టు. అదే కీ ఒకటి రెండుసార్లు నొక్కితే తిరిగొస్తుంది.

ఇక అసలు పని. మీకు కావాల్సిన ప్యానెళ్లు తెరిచి, అక్కర్లేనివి మూసి, చేతికి అందేలా సర్దుకోండి. కార్డు పనికి నేను లేయర్స్, క్యారెక్టర్, పారాగ్రాఫ్ కుడివైపు పెట్టుకుంటాను. తర్వాత విండో మెనూలో వర్క్‌స్పేస్, అందులో న్యూ వర్క్‌స్పేస్. వర్క్‌స్పేస్ అంటే మీరు సర్దుకున్న ఈ అమరికే. పేరు అడుగుతుంది. 'కొత్తది', 'నాది' అని పెట్టకండి, నెల తిరిగేసరికి ఏది ఏదో తెలియదు. పనిని బట్టి 'పెళ్లి కార్డు', 'ఫ్లెక్స్' అని పెట్టండి. కింద కీబోర్డ్ షార్ట్‌కట్స్, మెనూలు కూడా సేవ్ చేయాలా అని టిక్ పెట్టే గడులుంటాయి. షార్ట్‌కట్లు మార్చుకుని ఉంటేనే టిక్ పెట్టండి. సేవ్ నొక్కాక ఒకసారి ఫోటోషాప్ మూసి తెరవండి. సెట్టింగులను అది మూసేటప్పుడు రాసుకుంటుంది. గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే ఆరోజు చేసిన మార్పులు గల్లంతే.

ఒక్క విషయం చాలామందికి తెలియదు. సేవ్ చేశాక మీరు ప్యానెల్‌ను అటూ ఇటూ జరిపితే, ఫోటోషాప్ ఆ జరిపిన తీరునే గుర్తుపెట్టుకుంటుంది. మెనూలో 'పెళ్లి కార్డు' మళ్లీ ఎంచుకున్నా ఆ చిందరవందరే కనబడుతుంది. 'సేవ్ చేసినా పనిచేయట్లేదు' అనుకునేది ఇక్కడే. అదే వర్క్‌స్పేస్ మెనూలో 'రీసెట్ పెళ్లి కార్డు' అని ఉంటుంది. అది నొక్కితే మీరు మొదట సేవ్ చేసిన అమరిక వస్తుంది. రెండో మానిటర్ తీసేసినప్పుడు దాంతోపాటు పోయిన ప్యానెళ్లకూ ఇదే మందు. కొత్త అమరికే బాగుంది, అదే ఉండాలి అనుకుంటే అదే పేరుతో మళ్లీ న్యూ వర్క్‌స్పేస్ చేయాలి.

మా షాపులో ఇద్దరం చెరో పేరుతో చేసుకున్నాం. పొద్దున ఒక్క క్లిక్, ఫోన్లు లేవు.

సిస్టమ్ ఫార్మాట్ చేయించే ముందు మీ వర్క్‌స్పేస్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఫోల్డర్ దాగి ఉంటుంది కాబట్టి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన గడిలో యాప్‌డేటా అని ఇంగ్లిష్‌లో, ముందూ వెనకా పర్సెంట్ గుర్తులతో కొట్టండి. అడోబ్ ఫోల్డర్, అందులో మీ ఫోటోషాప్ వెర్షన్, దాని సెట్టింగ్స్, లోపల వర్క్‌స్పేసెస్. మీరు పెట్టిన పేరుతోనే ఫైలు ఉంటుంది. ఫార్మాట్ అయ్యాక అదే వెర్షన్ వేసి, ఫోటోషాప్ మూసి ఉండగా అదే చోట పేస్ట్ చేయండి.

యాక్షన్లు, అంటే ఒక్క క్లిక్‌తో జరిగేలా రికార్డు చేసి పెట్టుకున్న పనులు, మాత్రం ఇందులో రావు. వర్క్‌స్పేస్ యాక్షన్స్ ప్యానెల్ ఎక్కడుందో దాస్తుంది గానీ, దానిలోని పాస్‌పోర్ట్ ఫోటో యాక్షన్‌ను కాదు. దాన్ని ఆ ప్యానెల్ మూలనున్న మెనూలో సేవ్ యాక్షన్స్‌తో విడిగా దాచుకోవాలి. అది మసకగా ఉండి నొక్కబడకపోతే, మీరు యాక్షన్ మీద ఉన్నారన్నమాట. దాని పైనున్న ఫోల్డర్ గుర్తు మీద క్లిక్ చేసి మళ్లీ చూడండి.