చవకైన జీపీఎస్ వాచీతో మూడు క్రీడల సాధన – నాలుగో పాఠం: గుండె లెక్కా, అడుగుల లెక్కా?

ఈత, సైకిలు, పరుగు మూడింటినీ ఒకే రికార్డులో పట్టే ట్రయథ్లాన్ మోడ్ గురించి ఈ వారం చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో, క్లుప్తంగా. కిందటి పాఠంలో గుండె జోన్‌లు (నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో దాన్ని తేలిక నుంచి తీవ్రం దాకా విడదీసిన మెట్లు) పెట్టుకుని, రెండో జోన్‌లో నలభై నిమిషాలు తేలికగా పరుగెత్తి రమ్మన్నాను కదా. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చూశాక వేరే పాఠం మొదలుపెట్టడానికి మనసొప్పలేదు. దాదాపు అందరిదీ ఒకటే గోడు: "సార్, హాయిగా మాట్లాడుకుంటూ పరుగెత్తుతున్నాను. వాచీ మాత్రం 174 చూపించి ఐదో జోన్ అంటోంది. నా గుండెకు ఏమైనా అయిందా?"

బెంగళూరు మారతహళ్లి నుంచి రాసినాయన భయపడి పరుగే మానేశారు. వైట్‌ఫీల్డ్ నుంచి రాసినావిడ ఆ అంకెను దించడానికి పరుగును నడకగా మార్చి, నడకను ఇంకా నెమ్మది చేసి, కబ్బన్ పార్కులో నలభై నిమిషాలు షికారు చేసి వచ్చారు. ఇద్దరి కష్టమూ వృథా అయింది. ఇలాంటి అంకెలతో మూడు క్రీడలను కలిపితే మూడు తప్పులు కలుస్తాయి. అందుకని ముందు దీన్ని తేల్చుకుందాం.

వాచీని ఫోనుకు జత చేయడం, చార్జింగ్, యాప్‌లో ఖాతా తెరవడం ఇక్కడ రాయను. పెట్టెలో వచ్చిన కాగితం చాలు.

వాచీ అడుగున వెలిగే పచ్చటి దీపాలు చూసే ఉంటారు. రక్తం పచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగివచ్చే కాంతి కూడా అదే లయలో మారుతుంది. వాచీ లెక్కపెట్టేది ఆ లయనే. పరుగెత్తేటప్పుడు ఇంకో లయ కూడా తోడవుతుంది. ప్రతి అడుగుకీ చేయి ఊగుతుంది, వాచీ కదులుతుంది, ముంజేతిలో రక్తం కూడా ఆ కుదుపుకు అటూ ఇటూ అవుతుంది. నాడి సంకేతం బలహీనంగా ఉండి అడుగుల లయ బలంగా ఉంటే, వాచీ గుండెను వదిలేసి అడుగులను పట్టుకుంటుంది. మనలో ఎక్కువమంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తాం. గట్టిగా పరుగెత్తేవారి గుండె వేగం కూడా ఇంచుమించు అంతే. అందుకే ఈ తప్పు ఎవరికీ అనుమానం రాకుండా ఏళ్ల తరబడి సాగిపోతుంది. అదే 40 అనో 230 అనో చూపిస్తే మొదటి రోజే పట్టుకునేవారు.

దీన్ని తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. వాచీ 172 చూపిస్తోందనుకోండి. వేగం మార్చకుండా పరుగెత్తుతూ, కుడి పాదం నేలను తాకినప్పుడల్లా ఒకటి చొప్పున 30 సెకన్లు లెక్కపెట్టండి. వచ్చిన దాన్ని నాలుగుతో హెచ్చవేయండి. కుడి పాదం 43 సార్లు పడితే 172 అడుగులు. రెండూ ఒకటే వచ్చాయంటే దొంగ దొరికినట్టే. నిర్ధారణ కోసం వెంటనే ఆగి, మెడకు ఒక పక్కన మాత్రమే, దవడ కింద, రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు నాడి చూసి నాలుగుతో హెచ్చవేయండి. రెండు పక్కలా ఒకేసారి నొక్కకూడదు. 30 సెకన్లు కూడా చూడొద్దు, ఆగిన క్షణం నుంచే గుండె నెమ్మదిస్తుంది. వేళ్లకు 36 వచ్చిందంటే గుండె 144. మీరు మొదటి నుంచీ రెండో జోన్‌లోనే ఉన్నారన్నమాట.

మందు చాలావరకు పట్టీ దగ్గరే ఉంది. మణికట్టు ఎముక మీద కాకుండా, దానికి రెండు వేళ్ల ఎడంగా మోచేతి వైపు వాచీని పెట్టండి. చేయి విదిలించినా కదలనంత బిగువుగా ఉండాలి, పరుగు అయ్యాక మళ్లీ వదులు చేసుకోవచ్చు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో బెంగళూరు చలికి చర్మం కింద రక్తప్రసారం తగ్గి, మొదటి పది నిమిషాల అంకెలు పనికిరాకుండా పోతాయి. బయలుదేరే ముందు ఇంట్లోనే కాస్త ఒళ్లు వేడెక్కించుకోండి, పొడుగు చేతుల చొక్కా వాచీ మీదుగా కప్పుకోండి. దీపాల కింద పచ్చబొట్టు ఉంటే రెండో చేతికి మార్చండి. ఇంత చేసినా దారికి రాకపోతే ఛాతీ పట్టీ కొనండి. అది గుండె విద్యుత్ సంకేతాన్నే నేరుగా తీసుకుంటుంది, అడుగులతో దానికి పని లేదు. కట్టుకునే ముందు దాని లోపలి మెత్తలను నీళ్లతో తడపాలి. ఎండిన పట్టీ కట్టుకుని, అది కూడా తప్పే చూపిస్తోందని రాసినవారు ఉన్నారు. నన్నడిగితే ఖరీదైన వాచీ కంటే చవక వాచీతో పాటు మంచి ఛాతీ పట్టీ మేలు.

అంకె ఎక్కువగా కనబడిన ప్రతిసారీ కారణం అడుగులే కావు. చెన్నై అడయార్ నుంచి ఒకరు పంపిన గ్రాఫు చూశాను. మొదటి పది నిమిషాలు 140. ఆ తర్వాత వేగం మారకుండానే మెల్లమెల్లగా ఎక్కి నలభయ్యో నిమిషానికి 158. అది వాచీ తప్పు కాదు. ఆ ఉక్కలో చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒళ్లు చల్లబడటానికి చర్మానికి ఎక్కువ రక్తం పోతుంది. ఒక్కో దెబ్బకు పంపగలిగే రక్తం తగ్గి గుండె దెబ్బల సంఖ్య పెంచుకుంటుంది. అలాంటి రోజున వేగం తగ్గించుకోవాలి, వాచీని నమ్మాలి.

కాబట్టి సగటు అంకెను కాదు, గీత ఆకారాన్ని చూడండి. ఉన్నట్టుండి నాలుగైదు సెకన్లలో ముప్పై దెబ్బలు ఎగబాకి, అక్కడినుంచి బల్లపరుపుగా సాగి, అడుగుల గీత మీద అతుక్కుపోయిందా? అది వాచీ అడుగులు లెక్కపెట్టడం. ఏటవాలుగా నెమ్మదిగా ఎక్కిందా? ఎండ, చెమట. గీత మామూలుగానే ఉండి, ఎత్తు దగ్గర పెరిగి దిగుడు దగ్గర తగ్గుతూ, జోన్ పేరు మాత్రం తప్పుగా చూపిస్తోందా? అప్పుడు తప్పు మీ జోన్‌లది.

ఈ మూడో రకానికి కారణం, గరిష్ఠ గుండె వేగం కోసం 220 నుంచి వయసు తీసేసే సూత్రం. వాచీ కొనగానే మీ పుట్టిన తేదీ అడిగేది చాలావరకు దీనికోసమే. 1971లో అమెరికా పరిశోధకులు ఫాక్స్, నాటన్, హాస్కెల్ రాసిన వ్యాసం నుంచి వ్యాపించిన లెక్క ఇది. అంతకుముందు వచ్చిన వేర్వేరు అధ్యయనాల అంకెల మీదుగా ఉజ్జాయింపుగా గీసిన గీత తప్ప, దీనికోసం ప్రత్యేకంగా ప్రయోగమేమీ జరగలేదు. 2001లో తనాకా బృందం ఇచ్చిన సూత్రం, 208 నుంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయడం, సగటున కొంత మెరుగు. నలభై ఏళ్లకు రెండింటిలోనూ 180 వస్తుంది, అరవై ఏళ్లకు ఒకదాంట్లో 160, మరోదాంట్లో 166. అయినా అవి జనం సగటులే. ఒకే వయసున్న ఇద్దరి గరిష్ఠ గుండె వేగాల మధ్య ఇరవై దెబ్బల తేడా ఉండటం మామూలు విషయం. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికైతే ఏ సూత్రమూ పనికిరాదు, ఆ మందు పనే గుండె వేగాన్ని తగ్గించడం. వారు మాట్లాడగలిగే శ్వాసను బట్టి పరుగెత్తాలి, జోన్‌లను పక్కన పెట్టాలి.

జోన్‌లు మీ ఒంటి నుంచే రావాలి. జో ఫ్రీల్ అనే అమెరికన్ శిక్షకుడు ప్రచారంలోకి తెచ్చిన ముప్పై నిమిషాల పరీక్ష నాకు ఇష్టం. ఒంటరిగా, ముప్పై నిమిషాలు నిలబెట్టగలిగినంత గట్టిగా పరుగెత్తాలి. చివరి ఇరవై నిమిషాల సగటు గుండె వేగమే మీ హద్దు, అంటే గట్టి శ్రమను చాలాసేపు నిలబెట్టగలిగే పై అంచు. సైకిలు మీద కూడా ఇదే పరీక్ష విడిగా చేయాలి, ఎందుకంటే ఒకే మనిషికి సైకిలు హద్దు చాలాసార్లు పరుగు హద్దు కంటే తక్కువ. బరువు సీటు మోస్తుంది, పనిచేసే కండ తక్కువ. పరుగు హద్దు 168 వచ్చిందనుకుందాం. ఫ్రీల్ లెక్కలో పరుగుకు రెండో జోన్ హద్దులో 85 నుంచి 89 శాతం, అంటే 143 నుంచి 150. అదే మనిషికి సైకిలు హద్దు 160 వస్తే, సైకిలుకు 81 నుంచి 89 శాతం, అంటే 130 నుంచి 142. ఈ రెండు జోన్‌లూ ఎక్కడా కలవవు. పరుగు జోన్‌తో సైకిలు తొక్కితే తేలిక రోజున కూడా కష్టపడుతున్నట్టే. ప్రతి క్రీడకూ విడి జోన్‌లు పెట్టుకునే వీలు వాచీలో లేకపోతే, పరుగువి వాచీలో ఉంచి, సైకిలు అంకెలు రెండూ చీటీ మీద రాసి హ్యాండిల్‌కు అతికించండి.

ఈతకు గుండె అంకెలే వద్దు. చర్మానికీ దీపాలకూ మధ్య నీరు చేరుతుంది, ఛాతీ పట్టీ అంకెలను వాచీకి పంపే బ్లూటూత్ నీళ్లలో సాగదు. వేగమే కొలత. 400 మీటర్లు, తర్వాత విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు, రెండూ గట్టిగా ఈదండి. కాలాల తేడాను రెండుతో భాగిస్తే 100 మీటర్లకు మీ హద్దు వేగం వస్తుంది. 9 నిమిషాల 20 సెకన్లు, 4 నిమిషాల 24 సెకన్లు అయితే, 2 నిమిషాల 28 సెకన్లు. కొలనులో వాచీ జీపీఎస్ వాడదు, మలుపులు లెక్కపెట్టి కొలను పొడవుతో హెచ్చవేస్తుంది. బసవనగుడి ఆక్వాటిక్ సెంటర్‌లో 50 మీటర్లు పెడితే సరి. అపార్ట్‌మెంట్ కొలను అయితే టేపు పట్టి కొలిచి పెట్టండి, కాపలాదారు చెప్పిన అంకె వద్దు.

ఇక ట్రయథ్లాన్ మోడ్. ఈత, మార్పు, సైకిలు, మార్పు, పరుగు అన్న వరుసలో అది నడుస్తుంది. ఇందులో ల్యాప్ బటన్ నొక్కితే ల్యాప్ పడదు, తర్వాతి క్రీడకు మారుతుంది. రెండో పాఠం నుంచి ప్రతి చుట్టుకూ నొక్కే అలవాటు చేసుకున్నారు కాబట్టి, ఈత మధ్యలో నొక్కి సైకిలులోకి వెళ్లిపోయే ప్రమాదం మీకే ఎక్కువ. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఆ ఐదు దశలూ రెండుసార్లు నొక్కి చూసి, సేవ్ చేయకుండా చెరిపేయండి. ఆటో పాజ్ (మీరు ఆగగానే సమయం లెక్కను దానంతటదే ఆపేసే ఏర్పాటు) తీసేయండి, బట్టలు మార్చుకునే సమయం కూడా పోటీలో సమయమే. ఈ మోడ్ లేని వాచీలు ఉన్నాయి. అలాంటిదైతే మూడూ విడివిడిగా రికార్డు చేసుకోండి, సాధనకు ఏ నష్టమూ లేదు. తెర మీద నేను మూడే ఉంచుకుంటాను: మొత్తం సమయం, ల్యాప్ సమయం, ల్యాప్ సగటు గుండె వేగం. కేలరీల గడి మొదటి రోజే తీసేస్తాను.

ఈసారి అభ్యాసం బరువైనదే, పది రోజులు తీసుకోండి. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు, ఛాతీ నొప్పి ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టండి.

ముందు ఒక తేలిక పరుగులో పాదాల లెక్క, మెడ దగ్గర నాడి లెక్క చేసి, వాచీ అంకెతో పక్కపక్కన రాయండి. అవి కలిసేదాకా పరీక్ష జోలికి పోవద్దు. మూడు రోజుల తర్వాత 400 మీటర్ల ట్రాక్ మీద పరుగు పరీక్ష. పావుగంట ఒళ్లు వేడెక్కించుకుని మొదలుపెట్టండి, పదో నిమిషం నిండగానే ల్యాప్ నొక్కండి, ముప్పయ్యో నిమిషంలో మళ్లీ నొక్కండి. రెండో ల్యాప్ సగటే మనకు కావలసింది. మొదటి పది నిమిషాల్లో ఉత్సాహపడి చివర్లో నడిచినవారు వారం ఆగి మళ్లీ చేయాలి. సైకిలు పరీక్షకు ఊళ్లో సిగ్నళ్లు కుదరనివ్వవు. నగరానికి అరవై కిలోమీటర్ల దూరంలోని నంది కొండ ఎక్కుడు ఇందుకు బాగుంటుంది, వారాంతపు రద్దీ లేని రోజు చూసుకుని వెళ్లండి. ముప్పై నిమిషాలకు ముందే పైకి చేరే బలం ఉన్నవారు, వేరే పొడవాటి రోడ్డు వెతుక్కోవాలి. దిగేటప్పుడు వాచీ వైపు చూడొద్దు, రెండు బ్రేకుల మీదా చేతులుండాలి.

పరుగు హద్దు, సైకిలు హద్దు, ఈతలో 100 మీటర్ల కాలం: ఈ మూడింటితో పాటు పరుగు పరీక్షలో గుండె గీతా అడుగుల గీతా ఒకదాని మీద ఒకటి కనిపించేలా తీసిన తెర బొమ్మ (స్క్రీన్‌షాట్) పంపండి. అయిదో పాఠంలో మీ వారం ప్రణాళిక వీటి మీదే కడతాను.