సెకండ్ హ్యాండ్ గన్ కొనేముందు బారెల్ కొలిచి చూడండి

అక్టోబర్ వచ్చిందంటే టెక్సస్‌లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వేట కబుర్లు మొదలవుతాయి. నవంబర్‌లో జింకల సీజన్, రాంచ్ బుక్ చేద్దామా, ఎవరెవరు వస్తున్నారు అని. అవే గ్రూపుల్లో ఇండియాకి వెళ్ళిపోయేవాళ్ళ లిస్టులు కూడా తిరుగుతుంటాయి: సోఫా, ట్రెడ్‌మిల్, వెట్ గ్రైండర్. లిస్టులో రాయని సామాను కూడా ఒక్కోసారి ఒకటుంటుంది. సోఫా కోసం వెళ్ళినవాణ్ణి గరాజ్‌లో పక్కకి పిలిచి చెబుతారు. "అన్నా, నా దగ్గర ఒక రైఫిల్ ఉంది. కొన్నాక రెండు మూడు సార్లు షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళానంతే. నాలుగొందలు ఇచ్చి తీసుకెళ్ళు."

టెక్సస్‌లో ఉండే ఇద్దరు మామూలు మనుషుల మధ్య గన్ చేతులు మారడానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి కాదు. అందుకే దీన్ని కూడా సోఫా బేరంలో కలిపేస్తారు. అమ్మేవాడు మోసగాడేమీ కాకపోవచ్చు. తన దగ్గరున్నది ఏమిటో అతనికే తెలియకపోవచ్చు. కేసు మాత్రం ఆ రోజు గన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మీదే పడుతుంది.

అమెరికాలో 1934 నుంచి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ (ఎన్‌ఎఫ్‌ఏ) అని ఒక చట్టం ఉంది. బారెల్, అంటే తూటా బయటికొచ్చే గొట్టం, 16 అంగుళాల కన్నా పొట్టిగా ఉన్న రైఫిల్, 18 అంగుళాల కన్నా పొట్టిగా ఉన్న షాట్‌గన్, వాటిని కోసి మొత్తం పొడవు 26 అంగుళాల లోపుకి తెచ్చినవి, సైలెన్సర్లు, మెషిన్ గన్లు దీని కిందికి వస్తాయి. ఇలాంటివి గన్ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ రిజిస్టర్‌లో ఉండాలి. ఉంటే సరిపోదు, ఎవరి దగ్గరుందో వాళ్ళ పేరు మీదే ఉండాలి. లేకపోతే దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం, 10 ఏళ్ళ దాకా జైలు. కాల్చారా, బీరువాలో పెట్టారా అన్నది లెక్కలోకి రాదు.

"నాకు తెలియదు సార్" అంటే ఎంతవరకు చెల్లుతుంది? దీని మీద అమెరికా సుప్రీం కోర్టు తీర్పులు రెండున్నాయి. 1971 నాటి ఫ్రీడ్ కేసు హ్యాండ్ గ్రెనేడ్ల గురించి. అవి రిజిస్టర్ కాలేదన్న సంగతి నిందితుడికి తెలుసని ప్రభుత్వం నిరూపించనక్కర్లేదని అందులో చెప్పారు. 1994 నాటి స్టేపుల్స్ కేసులో ఒకాయన ఏఆర్-15 రైఫిల్‌లో, మిలిటరీ వాడే ఆటోమేటిక్ రైఫిల్ ఎం-16 భాగాలు దొరికాయి. ఏటీఎఫ్ వాళ్ళు పరీక్షిస్తే అది ఆటోమేటిక్‌గా కాల్చింది. అలా కాలుస్తుందని నాకు తెలియదన్నాడాయన. గన్‌ని ఈ చట్టం కిందికి తెచ్చే ఆ లక్షణం అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాల్సిందే అంది కోర్టు. అంటే రిజిస్టర్ కాలేదని తెలియదన్న మాట పనికిరాదు, గన్ లోపల ఏముందో తెలియదన్న మాటకి మాత్రం కొంత చోటుంది. కానీ పొట్టి బారెల్ సంగతి వేరు. లోపలి భాగాలు కనపడవు గానీ పొడవు కళ్ళెదురుగానే ఉంటుంది. రోజూ చూసిన గన్ పొడవు తెలియదంటే జ్యూరీ నమ్ముతుందని నాకైతే అనిపించదు. ఒకవేళ నమ్మినా, అప్పటికే అరెస్టు, సోదా, లాయర్ ఫీజు అన్నీ అయిపోయి ఉంటాయి.

ఎక్కడ ఇరుక్కుంటారు

ఎక్కువగా ఏఆర్ పిస్టల్, అంటే ఏఆర్-15 తరహా పిస్టల్ దగ్గర. చూడటానికి రైఫిల్‌లాగే ఉంటుంది, బారెల్ 10.5 అంగుళాలు ఉంటుంది, వెనక చేతికి తగిలించుకునే బ్రేస్ ఉంటుంది. ఈ బ్రేస్‌ల మీద ఏటీఎఫ్ 2023లో తెచ్చిన రూల్‌ని 2024లో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. దాంతో ఇక దేనికీ భయం లేదనుకునేవాళ్ళు తయారయ్యారు. అదే పిస్టల్‌కి బ్రేస్ తీసేసి, భుజానికి ఆనించుకునే స్టాక్ బిగించారనుకోండి, అప్పుడది పొట్టి రైఫిల్ అవుతుంది. పని పది నిమిషాలది, ఆ స్టాక్ ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. ముందు ఓనర్ ఎప్పుడో సరదాకి మార్చి ఉంటాడు. అతని దగ్గర కొన్నవాడికి అది మొదటి నుంచీ అలాగే ఉందనిపిస్తుంది.

రెండోది బారెల్ చివర ఉండే ఫ్లాష్ హైడర్, కాల్చినప్పుడు వచ్చే మంట వెలుగు తగ్గించే ముక్క. 14.5 అంగుళాల బారెల్‌కి హైడర్‌ని పిన్ను కొట్టి, దాని మీద వెల్డింగ్ చేసి, 16 దాటించి అమ్ముతారు. అది చట్టబద్ధమే. మరలా తిరిగి ఊడొచ్చే హైడర్‌ని మాత్రం పొడవులో కలపరు. చేత్తో తిప్పితేనో, రెంచ్ వేస్తేనో కదిలిందంటే లెక్క మళ్ళీ 14.5కే వస్తుంది.

మూడోది గన్ కూడా కాదు. గన్ శుభ్రం చేసేటప్పుడు సాల్వెంట్ కారకుండా పట్టుకునే గొట్టాలని, కారు ఫ్యూయల్ ఫిల్టర్లని చెప్పి ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మేవాటిలో కొన్ని నిజానికి సైలెన్సర్ భాగాలు. సైలెన్సర్ తయారీకి ఉద్దేశించిన విడిభాగాలు కూడా చట్టం దృష్టిలో సైలెన్సరే. ధర చూసి కక్కుర్తి పడొద్దు.

కొలవడం ఎలా

ముందు గన్ ఖాళీగా ఉందని అమ్మేవాడి చేతే చూపించుకోండి. తూటాలుండే మ్యాగజైన్ తీయించి, కాల్చేటప్పుడు తూటా కూర్చునే ఛాంబర్‌లోకి మీరూ చూడండి. తర్వాత ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ మూసేయాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్నటి కర్ర డవల్ ఒకటి మూతి వైపు నుంచి లోపలికి, బోల్ట్‌కి తగిలి ఆగేదాకా దింపండి. మూతి అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, బయటికి తీసి, టేప్‌తో కొలవండి. ఏటీఎఫ్ కొలిచే పద్ధతి కూడా ఇదే. ఊడొచ్చే హైడర్ ఉంటే బారెల్ అసలు అంచు దగ్గరే గీత పెట్టాలి. బయటికి కనిపించే గొట్టాన్ని మాత్రమే కొలిస్తే ఛాంబర్ వదిలేసినట్టే, లెక్క తప్పుతుంది. రైఫిల్‌కి 16 అంగుళాలకి దగ్గరదగ్గరగా వచ్చిందంటే ఆ బేరం వదిలేయండి. అమ్మేవాడు మొహం చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. ఇలాంటిచోట మొహమాటం పనికిరాదు.

సీరియల్ నంబర్ కూడా చూడండి. గీకేసినట్టో, రంగు పూసి కప్పేసినట్టో ఉంటే ముట్టుకోకుండా వచ్చేయండి.

అమ్మేవాడు "దీనికి స్టాంప్ ఉంది" అంటే, అంటే ఏటీఎఫ్ రిజిస్ట్రేషన్ ఉందంటే, ఆ అప్రూవ్ అయిన ఫారం చూపించమనండి. అందులో ఉన్న సీరియల్ నంబర్, గన్ మీదున్న నంబర్ ఒకటేనా చూడండి. ఒకటే అయినా అది అతని పేరు మీదున్న కాగితం. మీ పేరు మీదికి మార్చే ఏటీఎఫ్ దరఖాస్తు, ఫారం 4, అప్రూవ్ అయ్యేదాకా గన్ మీ ఇంటికి రాకూడదు. "ఒక నెల నీ దగ్గర ఉంచు, తర్వాత మార్చుకుందాం" అనే మాట దీనికి చెల్లదు. ఇలాంటి గన్ ఎవరి పేరు మీదుందో మీరు ఏటీఎఫ్‌ని అడిగితే చెప్పరు, ఆ వివరాలు పన్ను రికార్డుల కింద గోప్యం. అసలు రిజిస్టరే కాని దాన్ని చేతికొచ్చాక రిజిస్టర్ చేయించుకునే దారి కూడా లేదు. 1968లో ఒక్క నెల క్షమాభిక్ష ఇచ్చారు, అది ముగిసింది.

2026 జనవరి 1 నుంచి పొట్టి రైఫిళ్ళకి, పొట్టి షాట్‌గన్లకి, సైలెన్సర్లకి తయారీ మీద, చేతులు మారడం మీద కట్టే 200 డాలర్ల పన్నుని సున్నా చేశారు. దాంతో "ఇప్పుడు ఏ కాగితమూ అక్కర్లేదంట కదా" అని గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు వచ్చాయి. పోయింది పన్నే. రిజిస్ట్రేషన్ అలాగే ఉంది, శిక్షా అలాగే ఉంది.

మామూలు గన్ అయినా సరే, నన్నడిగితే లైసెన్స్ ఉన్న డీలర్ షాపులోనే చేతులు మార్చుకోండి. కొంత ఫీజు తీసుకుంటాడు, తీసుకోనివ్వండి. అతను గన్ చూస్తాడు, సీరియల్ నంబర్ పుస్తకంలో రాస్తాడు, తేడాగా ఉంటే ముట్టుకోడు. ఇద్దరూ వేర్వేరు రాష్ట్రాల వాళ్ళయితే డీలర్ ద్వారా తప్ప కొనకూడదు కూడా. ఒక్కటి గుర్తుంచుకోండి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చూసేది మనిషిని. చెక్ పాసయ్యారంటే గన్ మంచిదని కాదు. ఇక కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల రాష్ట్ర చట్టాలు ఇంకా గట్టివి, టెక్సస్‌లో చెల్లినది అక్కడ చెల్లదు. ఉద్యోగం మారి అటు వెళ్ళేవాళ్ళు సామాను ట్రక్కు ఎక్కించకముందే లాయర్ని అడగండి.

వీసా మీద ఉన్నవాళ్ళు

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, చూడటానికి వచ్చిన అమ్మానాన్నల బీ-2, ఇవన్నీ నాన్‌ఇమిగ్రెంట్ వీసాలే. ఈ వీసాల మీద ఉన్నవాళ్ళు మామూలు గన్ కూడా దగ్గర పెట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. కొన్ని మినహాయింపులున్నాయి. మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్. టెక్సస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, పోయినేడాదిది జేబులో పెట్టుకుని రాంచ్‌కి వెళ్ళొద్దు. రిజిస్టర్ కాని పొట్టి రైఫిల్‌ని మాత్రం ఏ హంటింగ్ లైసెన్సూ కాపాడదు.

రేంజ్‌లో కాసేపు అద్దెకి తీసుకుని కాల్చినా "దగ్గర ఉండటమే". 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన రెహైఫ్ కేసు అలాంటిదే. స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాణ్ణి యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ (ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు) పోయింది, ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. స్టేటస్ లేదని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది. మనకి ఈ తీర్పు పెద్దగా పనికిరాదు. నిద్రలో లేపి అడిగినా ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 తేదీ చెప్పేవాళ్ళం, స్టేటస్ తెలియదని ఎవరితో అంటాం?

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు మామూలు గన్ కొనుక్కోవచ్చు. కానీ రిజిస్టర్ కాని ఎన్‌ఎఫ్‌ఏ గన్ కేసులో శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని అగ్రవేటెడ్ ఫెలనీగా, అంటే పెద్ద నేరంగా చూస్తుంది. జైలు లేకుండా ప్రొబేషన్‌తో సరిపెడతామంటే తలూపి ఒప్పుకున్నా అది శిక్షే, దేశం నుంచి పంపేయడానికి చాలు. అందుకే క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్ కూడా చూడకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు.

ఇప్పటికే ఇంట్లో ఉంటే

ఇది చదివి లోపలికెళ్ళి కొలిస్తే 16 రాలేదనుకోండి. టెన్షన్‌లో ఏదో ఒకటి చేసేయకండి. స్టాక్ మార్చేయడం, ముక్కలు చేయడం, చెరువులో పడేయడం, ఇంకొకరికి అంటగట్టడం, ఏదీ వద్దు. ఇంకొకరికిస్తే అది మరో నేరం. ఫోటో తీసి గ్రూపులో "ఇది ఓకేనా" అని అడగడం అన్నిటికన్నా తెలివితక్కువ పని. కారులో వేసుకుని గన్ షాపుకో, పోలీస్ స్టేషన్‌కో తీసుకెళ్ళినా అంతసేపూ అది మీ దగ్గరే ఉన్నట్టు. ఉన్నచోటే తాళం వేసి ఉంచి, ఫెడరల్ గన్ కేసులు చూసే లాయర్‌కి ఫోన్ చేయండి. మీరు లాయర్‌తో మాట్లాడింది బయటికి రాదు. గన్‌ని అప్పగించాల్సి వస్తే ఎలా, ఎవరికి అన్నది ఆయన మాట్లాడి పెడతారు.

వేట నుంచి రాగానే ఇండియా ప్రయాణం ఉన్నవాళ్ళకి ఇంకొకటి. రేంజ్ బ్యాగ్ జేబులో మిగిలిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 25 కింద కేసు పెట్టడానికి. తెలిసి దగ్గర పెట్టుకున్నారా లేదా అన్నది మన కోర్టులు చూస్తాయి, తెలియక తెచ్చారని హైకోర్టులు కొట్టేసిన కేసులూ ఉన్నాయి. అప్పటిదాకా స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలి. కాబట్టి రేంజ్ బ్యాగ్‌ని రేంజ్‌కే ఉంచండి, ఎయిర్‌పోర్టుకి వేరే బ్యాగ్ వాడండి. ఊరెళ్తున్నామని ఎవరైనా బ్యాగ్ అడిగితే దాన్ని మాత్రం ఇవ్వకండి.