బీటెక్‌లో చేరాక ఇండక్షన్ మూడు వారాలను ఎలా వాడుకోవాలి?

కౌన్సెలింగ్ ముగిసి, సీటు వచ్చి, ఫీజు కట్టేశాక చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "క్లాసులు ఇంకా మొదలుకాలేదు కదా, ఆ ఇండక్షన్‌కి వెళ్లకపోతే ఏం పోతుంది?" కొత్తగా చేరిన వాళ్లను కాలేజీకి అలవాటు చేసే కార్యక్రమమే ఇండక్షన్. వెళ్లకపోతే చాలానే పోతుంది. మన పిల్లలకైతే మరీ.

ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివిన వాళ్లకు పొద్దున నిద్ర లేపడం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ప్రతి గంటనూ ఎవరో ఒకరు నిర్ణయించారు. ఏ చాప్టర్ చదవాలో, ఆదివారం ఏ టెస్టు రాయాలో వాళ్లే చెప్పారు. బీటెక్‌లో అలా ఎవరూ వెంటపడరు, అడిగితేనే చెబుతారు. అడగడం అలవాటు చేసుకోవడానికి ఇండక్షన్‌కి మించిన సమయం దొరకదు.

సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ 2017లో ఇంజనీరింగ్ కాలేజీలకు మూడు వారాల ఇండక్షన్‌ను నిర్దేశించింది. ఐఐటీ గాంధీనగర్ అంతకుముందే, 2011లో, ఐదు వారాల ఫౌండేషన్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2019లో 'దీక్షారంభ్' పేరుతో డిగ్రీ కాలేజీలకూ ఇలాంటిదే తెచ్చింది. ఆటలు, కళలు, మానవ విలువల మీద చర్చలు, ఊళ్ల సందర్శన, మీ బ్రాంచి గురించిన పరిచయం ఇండక్షన్‌లో ఉంటాయి. వాటికి వెళ్లి కూర్చుంటే సరిపోదు, ఈ పనులు కూడా చేయండి.

1. మెంటర్‌తో మొదటి వారంలోనే మాట్లాడండి

సుమారు 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుణ్ని మెంటర్‌గా పెట్టాలని ఇండక్షన్ నియమావళి చెబుతోంది. అన్నిటికన్నా విలువైన ఏర్పాటు ఇదేనని నా నమ్మకం. మీ మెంటర్ ఎవరో, స్టాఫ్ రూమ్ ఎక్కడో, ఏ సమయంలో ఖాళీగా ఉంటారో కనుక్కోండి. వెళ్లి ఊరు, పేరు చెప్పి ఊరుకోకుండా మీ ఇబ్బందిని సూటిగా చెప్పండి. "సార్, నేను తెలుగు మీడియం. లెక్కలంటే భయం లేదు గానీ, ఇంగ్లిష్‌లో వేగంగా చెబితే అందడం లేదు. ముందుగా ఏం చదువుకుని రమ్మంటారు?" అని అడిగితే చాలు. మొహమాటపడి ఈ మాట నవంబరు దాకా దాచుకుంటే అప్పటికి మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) కూడా అయిపోతుంది.

2. రెగ్యులేషన్ కాగితాలు చదవండి

ఆర్22, ఆర్23 లాంటి పేర్లతో యూనివర్సిటీ నిబంధనల పుస్తకం ఒకటి ఉంటుంది. సిలబస్‌తో పాటు అది కూడా వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పెన్ను పట్టుకుని కూర్చుని నాలుగు విషయాలు గుర్తు పెట్టుకోండి: హాజరు, ఇంటర్నల్ మార్కులు, పాస్ మార్కులు, పై సంవత్సరానికి వెళ్లడానికి కావలసిన క్రెడిట్లు (పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లు).

జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో మొత్తమ్మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్యం లాంటి సరైన కారణం చూపించి, కండొనేషన్ ఫీజు (హాజరు తగ్గినందుకు మినహాయింపు కోసం కట్టే రుసుము) కట్టి బయటపడొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీలకు సొంత నిబంధనలు ఉంటాయి కాబట్టి మీ కాలేజీవే చూడండి. ఇంటర్‌లో పబ్లిక్ పరీక్షే లెక్క. ఇక్కడ సెమిస్టర్‌కు రెండు మిడ్‌లు, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డు, అన్నీ లెక్కలోకి వస్తాయి. చివరి నెలలో కూర్చుని చదివేద్దాం అనుకునే పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిపోయిన సబ్జెక్టు) తెచ్చుకునేది ఇందుకే.

3. తెలుగు మీడియం వాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టండి

మీకు సబ్జెక్టు వచ్చు, అందులోని పేర్లే కొత్త. ఎడమ పక్క మీరు ఇంటర్‌లో చదివిన మాట, కుడి పక్క క్లాసులో వినబోయే మాట రాయండి. అవకలనం అంటే డిఫరెన్షియేషన్, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్, మాత్రిక అంటే మ్యాట్రిక్స్, నిర్ధారకం అంటే డిటర్మినెంట్, అవధి అంటే లిమిట్. మీ పాత లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని రోజుకు పది రాసినా ఇండక్షన్ ముగిసేసరికి మొదటి సెమిస్టర్‌కు కావలసినవి చాలావరకు వచ్చేస్తాయి. ఏఐసీటీఈ వారి ఈ-కుంభ్ పోర్టల్‌లో తెలుగులో ఇంజనీరింగ్ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. పరీక్ష ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు కూడా విషయం అర్థం చేసుకోవడానికి వాటిని పక్కన పెట్టుకోవచ్చు.

బీఫార్మసీలో చేరేవాళ్లకు మరో రకం లోటు ఉంటుంది, దాన్ని సిలబస్‌లోనే గుర్తించారు. బైపీసీ నుంచి వచ్చిన వాళ్లకు రెమెడియల్ మ్యాథ్స్, ఎంపీసీ నుంచి వచ్చిన వాళ్లకు రెమెడియల్ బయాలజీ మొదటి సెమిస్టర్‌లో ఉంటాయి. వాటిని తేలిగ్గా తీసుకోకండి.

4. కాగితాల పని ఇప్పుడే తెమల్చండి

ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలోనో సచివాలయంలోనో తీసుకుని జిరాక్సులు తీయించి పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. గడువు తేదీ కాలేజీ ఆఫీసులో అడగండి.

5. సీనియర్లతో పరిచయం పెంచుకోండి

అన్నా, అక్కా అని పలకరించి ఏ సబ్జెక్టుకు ఏ పుస్తకం పనికొచ్చింది, లైబ్రరీలో ఎన్ని ఇస్తారు, ఏ మెస్ బాగుంటుంది అని అడగండి. మంచిగా చెప్పేవాళ్లే ఎక్కువ. ఎవరైనా బెదిరించినా, అవమానించినా సర్దుకుపోవద్దు. మెంటర్‌కు చెప్పండి, లేదా ర్యాగింగ్ నిరోధక జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మొదటి వారం ఫోన్‌లో పిల్లలు ఏడిస్తే వెంటనే బండెక్కించి ఇంటికి తెచ్చేయకండి. ముందు "మెంటర్‌తో మాట్లాడావా?" అని అడగండి. తిండి మానేసినా, నిద్రపట్టడం లేదని రోజూ చెబుతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా మీరే వెళ్లి చూడండి.

కొన్ని కాలేజీలు ఇండక్షన్‌ను రెండు మూడు రోజుల ప్రసంగాలతో సరిపెడతాయి. ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరే డిప్లొమా విద్యార్థులకు మొదటి ఏడాది ఇండక్షన్ అందదు. అలాంటప్పుడు పై పనులన్నీ మీరే మొదలుపెట్టండి. హెచ్‌ఓడీ (మీ బ్రాంచి విభాగాధిపతి) దగ్గరికి వెళ్లి మెంటర్‌ను కేటాయించమని అడగండి, రెగ్యులేషన్ కాపీ తీసుకోండి, మొదటి ఏడాది మ్యాథ్స్‌లో ఏయే చాప్టర్లు తప్పనిసరో రాయించుకోండి.