మాగ్నమ్ రివాల్వర్ పేల్చే ముందు: తన్నుకూ మోతకూ తీసుకోవలసిన జాగ్రత్తలు

శక్తిమంతమైన చేతి తుపాకీని మొదటిసారి పేల్చినవారు "గట్టిగా తన్నింది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజానికి ఆ మాటలో రెండు వేర్వేరు దెబ్బలు కలిసి ఉంటాయి. ఒకటి అరచేతికి, మణికట్టుకు తగిలే వెనుతన్ను. రెండవది గుండు వెనకే గొట్టం మూతి నుంచి తోసుకువచ్చే వాయువుల మోత, మెరుపు, ముఖానికి కొట్టే గాలి. మొదటిదాన్ని తగ్గించే పరికరాలలో కొన్ని రెండవదాన్ని పెంచుతాయి కనుక, తనను నిజంగా ఇబ్బంది పెడుతున్నది ఏదో తెలుసుకోకముందే తుపాకీకి కొత్త భాగాలు బిగించుకోవడం తొందరపాటే అవుతుంది.

అందుచేత మొదటి జాగ్రత్త చెవులతోనే మొదలవాలి. క్షణికమైన శబ్దానికి 140 డెసిబెల్స్‌ను వినికిడికి ప్రమాదకరమైన హద్దుగా పరిగణిస్తారు. మాగ్నమ్ (మామూలు వాటికన్నా శక్తిమంతమైన) తూటాల మోత 160 డెసిబెల్స్ కూడా దాటుతుంది. చెవిలో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని, వాటిపైన ఇయర్ మఫ్స్ కూడా ధరించాలి. రెండూ కలిపినప్పుడు, ఒక్కొక్కటి ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకెలను కూడి లెక్కవేయకూడదు. ఎక్కువ రక్షణ ఇచ్చేదానికి అదనంగా వచ్చేది సుమారు 5 డెసిబెల్సే, అయినా ఈ స్థాయి మోత దగ్గర ఆ కొద్దిపాటి తేడా కూడా విలువైనదే. కళ్ళజోడు కాడలు మఫ్స్ అంచును పైకి లేపి సందు చేస్తాయి కాబట్టి సన్నని కాడలున్న రక్షణ కళ్ళద్దాలను ఎంచుకోవడం మంచిది. పైకప్పు, గోడలు ఉన్న రేంజ్‌లో (కాల్పుల సాధన స్థలంలో) మోత తిరిగి వచ్చి తగులుతుంది కనుక తొలి సాధన ఆరుబయట చేయడం మేలు. చెవులను బాగా కప్పుకుని మళ్ళీ పేల్చినప్పుడు తన్ను కూడా తగ్గినట్టు అనిపిస్తే, మీరు ఉలిక్కిపడుతున్నది చేతికి తగిలే దెబ్బకన్నా మోతకేనని అర్థం.

ఇక తన్నును తగ్గించడానికి అన్నిటికన్నా తేలికైన మార్గం తూటాను మార్చడం. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ తూటాలను, 1935 నాటి .357 మాగ్నమ్‌లో .38 స్పెషల్ తూటాలను నిస్సంకోచంగా వాడవచ్చు. మామూలు .44 స్పెషల్ గుండు వేగం మాగ్నమ్ వేగంలో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది. అయితే మాగ్నమ్ కన్నా పొట్టివైన ఈ స్పెషల్ తూటాలు చాలాసార్లు పేల్చిన తరువాత సిలిండర్ (తూటాలు పట్టి తిరిగే భాగం) గదుల లోపల మసి వలయంలా పేరుకుంటుంది. దాన్ని శుభ్రం చేయకుండా పొడవైన మాగ్నమ్ తూటాను బలవంతంగా లోపలికి నెట్టకూడదు. దీనికి తలకిందులుగా, మాగ్నమ్ తూటాను స్పెషల్ తుపాకీలో పెట్టే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. తూటాలు స్వయంగా నింపుకునేవారు తన్ను తగ్గించాలని మందును ఇష్టానుసారం తగ్గించడం ప్రమాదకరం: హెచ్110 వంటి నిదానంగా మండే మందును సూచించిన కొలత కన్నా 3 శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. తేలికైన తన్ను కావాలంటే అందుకు తగిన వేరే మందును, ముద్రిత పట్టికలో ఉన్న కొలతతోనే వాడాలి.

అదే తూటాను సగం బరువున్న తుపాకీలో పేలిస్తే తన్ను శక్తి దాదాపు రెట్టింపవుతుంది. జేబుకు తేలికని కొన్న మిశ్రలోహపు చిన్న రివాల్వర్‌లో మాగ్నమ్ తూటాలు వేసుకుని ఎవరైనా బాధపడుతున్నారంటే ఆశ్చర్యపడనక్కరలేదు. బరువైన ఉక్కు చట్రం, పొడవైన గొట్టం రెండూ మేలు చేస్తాయి. పొడవైన గొట్టం ముందు భాగానికి బరువిస్తుంది, మందు చాలావరకు లోపలే మండేటట్టు చేసి మూతి దగ్గర మెరుపునూ మోతనూ కొంత తగ్గిస్తుంది. పిడి విషయంలో, చట్రం వెనుక భాగాన్ని పూర్తిగా కప్పే మెత్తని రబ్బరు పిడి అరచేతికి తగిలే దెబ్బను వెడల్పుగా పంచుతుంది. చేతికి మించిన లావుపాటి పిడి అయితే పట్టు జారి, బొటనవేలి కీలుపై భారం పడుతుంది.

గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్, గొట్టం పైభాగాన రంధ్రాలు వంటివి వాయువులను పక్కలకూ పైకీ మళ్ళించి తన్నును, మూతి పైకి లేవడాన్ని అణుస్తాయి. కానీ ఆ వాయువులు మోతను పేల్చేవారి వైపుకు, పక్క వరుసలో నిలబడినవారి వైపుకు తెస్తాయి. రంధ్రాలున్న తుపాకీని ఒంటికి దగ్గరగా పట్టుకుని పేలిస్తే ముఖానికి, కళ్ళకు వేడి రవ్వలు తగులుతాయి. నా దృష్టిలో ఇది మిగతావన్నీ ప్రయత్నించాక చివరగా ఆలోచించవలసిన ఏర్పాటు.

రివాల్వర్‌లో సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఉండే సన్నని సందు నుంచి కత్తిలా కోసే వేడి వాయువు పక్కలకు వస్తుంది. సిలిండర్ లేని పిస్టల్‌కు అలవాటుపడినవారు బొటనవేళ్ళను ముందుకు చాచి పట్టుకుంటారు, 2003లో వచ్చిన .500 మాగ్నమ్ వంటి తుపాకీ దగ్గర అలా పట్టుకుంటే వేలు తీవ్రంగా గాయపడే ప్రమాదం ఉంది. రెండు బొటనవేళ్ళనూ సిలిండర్ వెనుకకే ఉంచి, పిడిని వీలైనంత ఎత్తుగా, రెండు చేతులతో బిగించి పట్టుకోవాలి. మోచేతులు కొద్దిగా వంగి, శరీరం నడుము దగ్గర ముందుకు వాలి ఉండాలి. తుపాకీ ఎగిరివచ్చి నుదుటికి తగలకుండా కాపాడేది ఈ భంగిమే.

కొత్తవారి చేతికి ఇస్తున్నప్పుడు సిలిండర్‌లో ఒక్క తూటా మాత్రమే నింపాలి. తన్నుకు పట్టు సడలి మళ్ళీ బిగిసినప్పుడు తెలియకుండానే వేలు రెండోసారి ట్రిగ్గర్ నొక్కవచ్చు. అప్పటికి మూతి ఆకాశం వైపో, వెనుకకో తిరిగి ఉంటుంది. తేలికైన రివాల్వర్‌లో కొన్ని తూటాలు పేల్చాక ఇంకా పేలని తూటాను తీసి చూడడం కూడా అవసరం, ఎందుకంటే తన్ను ధాటికి దాని గుండు తూటా తొడుగులోంచి ముందుకు జరిగి సిలిండర్‌ను తిరగనివ్వకపోవచ్చు. శబ్దం వింతగా తక్కువగా వినిపించినా, తన్ను లేకపోయినా, వెంటనే ఆగి మూతిని సురక్షితమైన దిశలోనే అరనిమిషం పాటు ఉంచి, తుపాకీని ఖాళీ చేసి, గొట్టంలో గుండు ఇరుక్కోలేదని చూసుకున్న తరువాతనే మరో తూటా వేయాలి.