డచ్ భాషలో క్రమసంఖ్యలు: తెలుగు నుంచి నేరుగా నేర్చుకొనే పద్ధతి

పైచదువుల కోసమో, ఓడల మీద ఉద్యోగం కోసమో, పెళ్లయ్యాక భర్త దగ్గర ఉండడానికో నెదర్లాండ్స్‌కు బయలుదేరే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువతీయువకులు డచ్ పాఠాలను సాధారణంగా ఇంగ్లీషు ద్వారానే మొదలుపెడతారు, ఎందుకంటే ఫోన్లలో దొరికే పాఠాలన్నీ దాదాపు ఆ దారిలోనే ఉంటాయి. క్రమసంఖ్యల విషయంలో, అంటే మొదటి, రెండవ, మూడవ లాంటి మాటల విషయంలో మాత్రం ఆ దారి చుట్టుదారి. ఇంగ్లీషులో మొదటి రెండు మాటలకూ వాటి అంకెలతో పోలిక కనబడదు. తెలుగులో 'ఒకటి'కి బదులు 'మొదటి' అంటామే తప్ప, రెండు నుంచి చివరిదాకా అంకెకు 'వ' గాని 'ఓ' గాని చేర్చడమే. డచ్ పద్ధతి దీనికే దగ్గర. కాబట్టి ఒకటి నుంచి ఇరవై వరకు డచ్ అంకెలు ఇప్పటికే వచ్చినవారు ఇంగ్లీషును పక్కన పెట్టి ఈ పాఠాన్ని చదవడం మేలు.

ముందుగా ఉచ్చారణ గురించి కొంత చెప్పాలి. డచ్‌లోని త, ద ధ్వనులు మన త, ద లకే దగ్గరగా ఉంటాయి గనుక ఇంగ్లీషు అలవాటుతో వాటిని ట, డ లుగా పలకనక్కరలేదు. క్రమసంఖ్యలన్నిటి చివరా వచ్చే 'ఎ'ను ఒత్తకుండా, తేలికగా వదిలేయాలి. ఇక్కడ 'హ్' అని రాసినచోట గొంతు వెనుక భాగంలో గాలి రాసుకుంటూ వచ్చే గరుకైన ధ్వని ఉంటుంది. అది తెలుగు లిపికి పూర్తిగా లొంగదు కాబట్టి డచ్చివారి నోట విని సరిచేసుకోవాలి.

మొదటి పద్నాలుగింటిని గుర్తుపెట్టుకోవడానికి మనకు పంచాంగాన్ని మించిన పట్టిక లేదు, ఎందుకంటే తిథుల పేర్లు దాదాపు అన్నీ నిజానికి క్రమసంఖ్యలే. పాడ్యమికి 'ఏర్స్తె', విదియకు 'త్వేదె', తదియకు 'దెర్దె', నాగుల చవితికి 'వీర్దె', శ్రీపంచమికి 'వెయ్‌వ్‌దె', సుబ్బరాయుడి షష్ఠికి 'జెస్దె', అరసవల్లిలో జనం పోటెత్తే రథసప్తమికి 'జేవెన్దె', దుర్గాష్టమికి 'అహ్‌త్‌స్తె', శ్రీరామనవమికి 'నేహెన్దె', విజయదశమికి 'తీన్దె' అని జతచేసి చదువుకోవాలి. ఆపైన ఏకాదశి 'ఎల్ఫ్‌దె', ద్వాదశి 'త్వాల్ఫ్‌దె', త్రయోదశి 'దెర్తీన్దె', చతుర్దశి 'వేర్తీన్దె' అవుతాయి. సంస్కృతమూ డచ్చూ ఒకే ఇండో-యూరోపియన్ భాషాకుటుంబానికి చెందినవి గనుక 'షష్ఠ', 'జెస్దె' ఒకదాన్నొకటి తలపించడం కాకతాళీయం కాదు.

ఈ పద్నాలుగింటిలో పట్టి చూడవలసినవి మూడే. 'ఏర్స్తె'కు 'ఏన్' అనే అంకెతో సంబంధం లేదు. మన 'మొదటి' లాగే అది వేరే ధాతువు నుంచి వచ్చింది. 'ద్రీ' అనే అంకె 'దెర్దె'గా మారేటప్పుడు లోపలి ధ్వనులు స్థానం మార్చుకుంటాయి. పదమూడులోను, ముప్పైలోను ఇదే మార్పు కనబడుతుంది కాబట్టి ఒకసారి నేర్చుకుంటే మూడుచోట్ల పనికివస్తుంది. ఎనిమిదికి మాత్రం 'దె' బదులు 'స్తె' చేరుతుంది. మిగిలినవాటికి పందొమ్మిదివరకు అంకె చివర 'దె' చేర్చితే సరిపోతుంది. పద్దెనిమిదిలో ఎనిమిది ఉన్నా అది 'అహ్‌తీన్దె'యే, ఎందుకంటే అక్కడ మాట ముగిసేది ఎనిమిదితో కాదు, పదితో. ప్రత్యయాన్ని నిర్ణయించేది ఎప్పుడూ మాట చివరి భాగమేనన్న ఈ సూత్రం పట్టుబడితే పాఠంలో పెద్ద భాగం అయిపోయినట్టే.

ఇరవై నుంచి 'స్తె' వస్తుంది. ఇరవైయవది 'త్వింతెహ్‌స్తె', ముప్పైయవది 'దెర్తెహ్‌స్తె'. ఇరవై ఒకటిని మనం పదులు ముందు, ఒకట్లు తరువాత చెబుతాము. డచ్చివారు 'ఒకటీ ఇరవై' అన్న వరుసలో తిరగేసి చెబుతారు. అందువల్ల ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు ప్రతి మాటా పదుల అంకెతోనే ముగుస్తుంది, ప్రతిదానికీ 'స్తె'యే చేరుతుంది. ఇరవై ఒకటవది 'ఏనెన్‌త్వింతెహ్‌స్తె' అవుతుందే తప్ప అందులో 'ఏర్స్తె' కనబడదు. అంకెలు నేర్చుకొనేటప్పుడు మనల్ని విసిగించే ఆ తలకిందుల వరుస క్రమసంఖ్యల దగ్గర మనకు మేలే చేస్తుంది. వందవది 'హొన్దెర్త్‌స్తె'. వంద దాటగానే మళ్లీ చిన్న అంకె చివరికి వస్తుంది కాబట్టి నూట ఒకటవది 'హొన్దెర్‌దేర్స్తె', అంటే 'నూట మొదటి' అన్నట్టుగా ఉంటుంది. నూట రెండవది 'దె'తో, నూట ఎనిమిదవది 'స్తె'తో ముగుస్తాయి.

రాతలో అంకె పక్కన 'ఎ' ధ్వనినిచ్చే చివరి అక్షరం ఒక్కటి రాస్తే చాలు. ప్రత్యయం 'దె' అయినా 'స్తె' అయినా ఆ పొట్టి రూపం మారదు.

డచ్ విశేషణాలు నామవాచకపు లింగాన్ని బట్టి చివరి 'ఎ'ను కొన్నిచోట్ల వదులుకుంటాయి. 'ఒక పెద్ద ఇల్లు' అనేటప్పుడు 'ఏన్ హ్రోత్ హౌస్' అనాలి, 'హ్రోతె' అనకూడదు. క్రమసంఖ్యలకు ఈ బెడద లేదు. 'ఏన్ త్వేదె హౌస్' అన్నా, 'హెత్ త్వేదె హౌస్' అన్నా రూపం అదే.

మనవారు ఎక్కువగా తడబడేది తేదీల దగ్గర. తెలుగులో 'మే అయిదో తారీఖు' అంటాము గనుక డచ్‌లోనూ క్రమసంఖ్యే ఉంటుందనుకోవడం సహజం. కాని నెల పేరు పక్కనుంటే అక్కడ మామూలు అంకెనే వాడతారు. నెదర్లాండ్స్ విమోచన దినమైన మే 5 'వెయ్ఫ్ మెయ్' అవుతుంది. 2014 నుంచి ఏప్రిల్ 27న జరుపుకుంటున్న రాజు పుట్టినరోజు పండుగను కూడా 'ఇరవై ఏడు ఏప్రిల్' అన్నట్టుగానే చెబుతారు. నెల పేరు తీసేసి 'అయిదో తారీఖున' అన్నప్పుడు మాత్రం 'దె వెయ్‌వ్‌దె' అని క్రమసంఖ్య తిరిగి వస్తుంది. క్రిస్మస్ విషయంలో డిసెంబరు 25ను మొదటి క్రిస్మస్ రోజు అనీ, 26ను రెండవ క్రిస్మస్ రోజు అనీ క్రమసంఖ్యలతోనే పిలుస్తారు.

శతాబ్దాలకు మన పద్ధతే సరిపోతుంది. భీమునిపట్నంలో డచ్చివారు స్థావరం ఏర్పరచుకున్న 17వ శతాబ్దం వారి భాషలో 'దె జేవెన్‌తీన్దె ఏవ్'. రాజుల పేర్లలో మాత్రం వరుస తిరగబడుతుంది. 1849 నుంచి 1890 వరకు పాలించిన మూడవ విలియంను 'విల్లెమ్ దె దెర్దె' అంటారు. ఆ లెక్కన మన మూడవ విజయరామ గజపతిని 'విజయరామ గజపతి దె దెర్దె' అనాలి. పార్లమెంటులో 150 మంది సభ్యులున్న దిగువసభ పేరు 'త్వేదె కామెర్', 75 మంది ఉన్న ఎగువసభ పేరు 'ఏర్స్తె కామెర్'. వార్తలు వినేవారికి ఈ రెండూ రోజూ చెవిన పడతాయి. రైళ్లలో మొదటి, రెండవ తరగతులు ఉంటాయి. ఇళ్లలో నేలమీది అంతస్తును లెక్కలోకి తీసుకోకుండా దాని పైదాన్నే 'ఏర్స్తె వెర్దీపింగ్' అంటారు. అపార్టుమెంట్లలో మనం లెక్కపెట్టేదీ అలాగే గనుక ఇక్కడ తికమక లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ దెర్ హెల్స్ట్ పేరిట మొదటి వీధీ రెండవ వీధీ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి చిరునామాలో ముందున్న ఆ చిన్న అంకెను విస్మరిస్తే ఉత్తరం పక్కవీధికి పోతుంది.

ఇంగ్లీషులో సూటైన మాట లేని 'ఎన్నో' అనే ప్రశ్నకు డచ్‌లో 'హూవేల్స్తె' ఉంది. 'దె హూవేల్స్తె ఇస్ హెత్ వన్‌దాహ్?' అంటే 'ఈరోజు ఎన్నో తారీఖు?' అని అచ్చంగా సరిపోతుంది. ఇంగ్లీషులో ఆలోచించేవారు దీనికోసం వాక్యమంతా మార్చుకోవలసివస్తుంది. విసుగుతో 'ఎన్నోసారి చెబుతున్నానో' అనడానికి 'జోవేల్స్తె' అనే మరో రూపం ఉంది. అది మొదటివారంలో అక్కరకు రాకపోవచ్చు.

సాధనకు విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు వైపు వెళ్లే ప్యాసింజరు రైలు చక్కగా పనికివస్తుంది. బండి ఆగినప్పుడల్లా 'హెత్ హూవేల్స్తె స్తాషోన్ ఇస్ దిత్?' అని ఒకరు అడిగితే, నెల్లిమర్ల దగ్గర 'దిత్ ఇస్ హెత్ ఏర్స్తె స్తాషోన్' అని మొదలుపెట్టి రెండోవారు వరసగా జవాబు చెప్పాలి. ఎనిమిదో అంకె దాకా స్టేషన్లు చాలకపోతే దాటిన ఊళ్లను, వంతెనలను కూడా లెక్కలో కలుపుకోవచ్చు. శ్రీకాకుళం రోడ్డులో దిగేవారికి అది చివరిది గనుక 'లాత్‌స్తె' అవుతుంది, దానికి ముందున్న దూసి 'వోర్‌లాత్‌స్తె' అవుతుంది.